ఇర్య పెట్టిన ఎర్ర చుక్క

ఇర్య మా కింది అంతస్తులో ఉంటుంది. ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న ఔలు ఊళ్లో మా భవనం కట్టి నలభై ఏళ్లు దాటింది. గోడలు పలచన, మెట్ల మీద ఎవరు దగ్గినా అందరికీ వినపడుతుంది. అందుచేత ఎవరు ఎప్పుడొచ్చారు, ఏ మనసుతో వచ్చారు అన్నది నేను ఎవరినీ అడగనక్కర్లేదు. అయినా అడుగుతాను. నాకు డెబ్బై ఆరేళ్లు. మోకాళ్లు అరిగాయి గాని చెవులూ నోరూ ఇంకా కొత్తవాటిలాగే ఉన్నాయి.

ఇర్య సాయంత్రం తలుపు ఎలా మూస్తుందో వింటే ఆ రోజు ఫ్యాక్టరీలో పని ఎలా సాగిందో చెప్పేయగలను. ఒక్కసారి మెత్తగా మూసుకుంటే మంచి రోజు. రెండుసార్లు లాగిందంటే ఏదో పెట్టె మొండికేసిందన్నమాట. ఈ పెట్టెల సంగతి ఆమె నోట రాబట్టడానికి నాకు పదేళ్లు పట్టింది. మా భవనం ఆడవాళ్లకి శుక్రవారం ఆవిరిగది వంతు ఉంటుంది. అక్కడ మనిషి పారిపోవడానికి వీలుండదు కాబట్టి అక్కడే పట్టుకున్నాను.

"అసలు రోజంతా నువ్వు చేసేదేమిటే అమ్మాయ్?"

"స్క్రూలు తిప్పుతాను సైమి పిన్నీ."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఇరవై ఏడేళ్ల నుంచి."

"ఇంకా బిగియలేదా?"

పై బల్ల మీద కూర్చున్న వాళ్లందరూ నవ్వారు. ఇర్య కూడా నవ్వింది. తర్వాత ఓపిగ్గా చెప్పింది. ఫోన్ టవర్ ఒకే సమయంలో అరుస్తుంది, వింటుంది కూడా. దాని అరుపు చాలా పెద్దది. అది వినాల్సినది మాత్రం ఎక్కడో మైళ్ల దూరాన ఉన్న చిన్న ఫోన్, చీమ నడిచినంత చప్పుడు. నోటికీ చెవికీ మధ్య గోడ లేకపోతే టవర్ తన గొంతు తనే విని చెవిటిదైపోతుంది. ఆ గోడ ఒక వెండిపూత అల్యూమినియం పెట్టెలో ఉంటుంది. బ్రెడ్డు దిమ్మ అంత ఉండే ఆ పెట్టెని ఫిల్టర్ అంటారు. లోపల గదులు, ప్రతి గదికీ మూత మీంచి దిగే ఒక స్క్రూ. ఆ స్క్రూలు ఎంత లోతుకి దిగాలో చేత్తో తిప్పి తేల్చేది ఇర్య.

"నేను ఒకేసారి మాట్లాడుతూ వింటాను. నాకే గోడా అక్కర్లేదే," అన్నాను.

"నువ్వు వినవు పిన్నీ. మాట్లాడతావంతే."

ఆమె తండ్రి పల్లెలో అకార్డియన్‌లు బాగుచేసేవాడు. లోపలి ఉక్కు నాలుకల్ని ఆకురాయితో గీకి శృతి సరిచేసే పని. చిన్నప్పటి నుంచి పక్కన కూర్చుని చూసింది కాబట్టి వెంట్రుకలో సగం అంటే ఎంతో ఆమె వేళ్లకి తెలుసు. ఫ్యాక్టరీలో కంప్యూటర్ తెర మీద ఒక గీత నడుస్తూ ఉంటుంది. నడినెత్తి చదునుగా, రెండు పక్కలా నిటారు గోడలా పడాలి. ఒక స్క్రూ తిప్పితే మిగతా ఏడూ తప్పుతాయి. మా భవనం మీటింగులో ఒకావిడని కదిపితే మిగతా ఏడుగురూ లేచినట్టు. పైగా స్క్రూ సరిగ్గా కుదిరాక దాని మీద నట్టు బిగించాలి. నట్టు బిగిస్తుంటే స్క్రూ మళ్లీ కాస్త జరుగుతుంది. అందుకని ఇర్య ఒక వెంట్రుకవాసి తక్కువగా వదిలేసి, నట్టు లాగే లాగుతో అది తన చోటికి వచ్చేలా చేసేది. ఆ లాగు బొటనవేలికి తెలియాలి. తెర మీద కనపడేలోగా వేలికి తెలియాలి.

ఆ పెట్టెల్నీ, వాటికి తగిలించే యాంటెనాలనీ గీసే ఇంజినీరు ఇల్పో. ఒకసారి ఫ్యాక్టరీ పండక్కి ఇర్య నన్ను తోడు తీసుకెళ్లింది. అప్పుడు చూశాను. పొడుగ్గా, వంగి, ఎప్పుడూ ముక్కు తుడుచుకునే మనిషి.

"కాగితం మీద నా పెట్టె పాడుతుందండీ," అన్నాడు నాతో.

"పాడుతుందేమో. నా బల్ల మీదకి వచ్చేసరికి దగ్గుతోంది," అంది ఇర్య.

వాళ్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. శృతి కుదిరిన పెట్టెని చలిగూడులో పెట్టాలి. మైనస్ నలభైలో నాలుగు గంటలు. బయటికి తీసి మళ్లీ గీత చూడాలి. చలికి లోహం ముడుచుకుంటుంది, సరిగ్గా బిగియని స్క్రూ జరుగుతుంది. గీత కదలలేదంటే అప్పుడు ఒక్కో స్క్రూ తల మీద ఒక చుక్క రంగు పెట్టి, కాగితం మీద సంతకం చెయ్యాలి. తిప్పేవాళ్లు ఒక్కొక్కరికీ ఒక్కో రంగు. ఇర్యది లింగన్‌బెర్రీ పండులాంటి ఎరుపు, గోళ్ల రంగు సీసా. జన్మలో గోరుకి రంగు వెయ్యని మనిషి నెలకో సీసా కొనేది. ఇర్య ఎవరితోనో ప్రేమలో పడిందని కొట్టులో అమ్మాయి అనుకునేదట.

ఇరవై ఏడేళ్లలో ఆమె పెట్టె ఒక్కటీ తిరిగి రాలేదు. దాంతో అక్కడ ఇంకో అలవాటు పుట్టింది. చలిగూడు నిండిపోయి, సరుకు బండి బయట ఆగి ఉన్నప్పుడు ఎవరో ఒకరు అనేవారు: "ఎర్ర చుక్కేనా? అయితే పంపెయ్." కాగితం మీద మాత్రం చలిగూడు అయినట్టే రాసేవారు. ఇర్యే రాసేది. ఈ సంగతి ఆవిరిగదిలో ఆమె నాకు చెప్పలేదు. నాకు తెలిసింది ఫిబ్రవరిలో ఒక శనివారం.

ఆ పొద్దున మా కిటికీ బయట మైనస్ ఇరవై ఏడు. కాగితం మిల్లు పొగ నిటారుగా లేస్తోంది. ఇర్య భర్త తౌనో తెల్లవారకముందే మెట్లు దిగడం విన్నాను. రేవులో క్రేను నడిపి పింఛను పుచ్చుకున్న మనిషి. రోజుకి ఆరు మాటలు మాట్లాడతాడు, అందులో రెండు కాఫీ గురించి. ఫిబ్రవరిలో మాదె చేప గుడ్లు పెట్టే కాలం. గడ్డకట్టిన సముద్రం కింద వల వేస్తే దొరుకుతుంది. హర్మాసారి దీవికి పడమటి వైపు తౌనో వలలు. కారులో తీరం దాకా వెళ్లి, అక్కడి నుంచి మంచు మీద పోయే మోటారు మంచుబండి ఎక్కి దీవి దాటి పోయి, పన్నెండుకల్లా ఇంటికి వచ్చేస్తాడు. ఆ చేపతో ఇర్య పాలు పోసి చారు కాస్తుంది, నాకొక గిన్నె పైకి వస్తుంది. ఆ రోజు గిన్నె రాలేదు.

ఒంటిగంటకి ఇర్య పైకి వచ్చింది. కోటు లేదు, కాళ్లకి ఇంటి మేజోళ్లు.

"పిన్నీ, నీ ఫోన్‌లోంచి ఒకసారి తౌనోకి చెయ్యవా. నాది పాడయిందేమో."

చేశాను. ఆ నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదని ఒక ఆడగొంతు చెప్పింది. ఇర్య ఆ గొంతుని నా చేతిలోంచే విన్నది. ఫోన్ పాడవలేదని ఆమెకి ముందే తెలుసని నాకు ఆ మొహం చూస్తే అర్థమైంది.

కిటికీ దగ్గరికి వెళ్లాను. మిల్లు పొగ వంగిపోయింది. తూర్పు నుంచి, సముద్రం వైపుకి. నేలగాలి.

మా తీరాన పుట్టినవాళ్లకి దీని గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. నేలగాలి లేస్తే సముద్రం మీది మంచు ఒడ్డు విడిచి కదులుతుంది. ముందు గీతలా పగులు, తర్వాత అడుగు, తర్వాత కాలవ. అటు పక్క ఉన్న మనిషి గడ్డతో పాటు పోతాడు. మా అమ్మ తమ్ముడు సీల్ వేటకి వెళ్లి అలాగే పోయాడు, వసంతంలో అతని టోపీ దొరికింది. ఈ మాట ఆ వేళ నా నాలుక చివరిదాకా వచ్చింది. నా జన్మలో నేను మింగిన మాటలు తక్కువ. అది మింగాను.

"రక్షణ కేంద్రానికి చెయ్యి," అన్నాను.

ఇర్య చేసింది. ఫోన్ బల్ల మీద పెట్టి గొంతు పైకి వినపడేలా నొక్కింది. అవతల ఒక అమ్మాయి, ప్రశాంతమైన గొంతు. వయసు ఎంత, ఏం వేసుకున్నాడు, నీళ్లలో పడితే మంచులో గుచ్చి పైకి రావడానికి మెడలో మంచు మేకులు ఉన్నాయా, ఫోన్ ఉందా అని వరసగా అడిగింది.

"ఇర్యగారూ, దీవి టవర్ బాగానే పనిచేస్తోంది. ఇప్పుడే చూశాను, తెర మీద దాని దీపం పచ్చగానే ఉంది. దీవి ఊళ్లోవాళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు. పడమటి వైపు నుంచి మాకు ఒక్క పిలుపూ రాలేదు. ఇబ్బందిలో ఉంటే మీవారు పిలిచేవారు కదా?"

ఇర్య నోరు తెరిచి, మళ్లీ మూసేసింది.

"చలికి బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. ఇలాంటివి రోజుకి నాలుగు వస్తాయి మాకు. ఇవాళ ఉన్నది ఒకే హెలికాప్టర్. దక్షిణాన ఇద్దరు నీళ్లలో పడ్డారని కచ్చితంగా తెలిసి అక్కడ తిరుగుతోంది. దాన్ని ఊరికే వెనక్కి లాగలేను. నాలుగింటిదాకా చూడండి, రాకపోతే మళ్లీ చెయ్యండి."

ఐదింటికి చీకటి పడుతుంది. నాలుగు దాకా ఆగితే వెతకడానికి వెలుగు మిగలనట్టే.

ఫోన్ పెట్టేశాక ఇర్య నా బల్ల దగ్గరే కూర్చుంది. కాఫీ పోశాను, ముట్టుకోలేదు. ఆమె బొటనవేలూ చూపుడువేలూ మేజాగుడ్డ మీద ఏదో పట్టుకున్నట్టు కలిసి, కొద్దిగా తిరిగి ఆగుతున్నాయి. మళ్లీ కొద్దిగా తిరిగి ఆగుతున్నాయి.

"ఏం తిప్పుతున్నావే?"

"ఏం లేదు."

"ఇర్యా, ఆ అమ్మాయి టవర్ బాగుందన్నప్పుడు నువ్వు నోరు తెరిచి మూసేశావు. నేను చూశాను. ఏమనబోయావు?"

"ఏం లేదు పిన్నీ, ఊరుకో."

"ఊరుకునే అలవాటు నాకు లేదు, నీకు తెలుసు. చెప్పు."

ఆమె చేతుల్ని ఒళ్లోకి లాక్కుంది. ఎంత చిన్న గొంతుతో చెప్పిందంటే నేను ముందుకి వంగాల్సి వచ్చింది.

"ఆ టవర్‌కి మూడు ముఖాలు. రెండు ఊరి వైపు, ఒకటి పడమటి సముద్రం వైపు. క్రిస్మస్ ముందు కొత్త పెట్టెలు పెట్టారు. పడమటి ముఖంలో ఉన్నది నాది. దాన్ని తిప్పడానికి ముందు రోజు చేప కోస్తూ బొటనవేలు తెగ్గోసుకున్నాను. కట్టు ఉంది. మూడో స్క్రూ నట్టు లాగిందో లేదో నాకు తెలియలేదు. తెర మీద గీత బాగానే ఉంది. వేలికి మాత్రం తెలియలేదు. చలిగూడు నిండిపోయింది. బండి ఆగి ఉంది. చుక్క పెట్టేశాను. సంతకం పెట్టేశాను."

"అంటే?"

"అంటే ఇంత చలికి ఆ స్క్రూ జరిగి ఉంటే పడమటి ముఖానికి చెవుడు. అరుస్తుంది, వినదు. అది అరుస్తోందా లేదా అన్నదే పచ్చ దీపం చెప్పేది. తౌనో ఫోన్‌లో సిగ్నల్ గీతలన్నీ నిండుగా కనపడతాయి. టవర్ అరుపు అతనికి బ్రహ్మాండంగా వినపడుతుంది కదా. అతని పిలుపు మాత్రం ఎవరికీ చేరదు. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదంటే... ఆ వైపు ఉండేదెవరు? చేపలవాళ్లు ముగ్గురు."

నా కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాను.

"మరి ఆ అమ్మాయికి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నిజమైపోతుంది."

"చెప్పకపోతే అబద్ధమైపోతుందా?"

ఆమె నావైపు చూసింది. ఆ చూపు నాకు ఇష్టం లేదు, ఇప్పటికీ గుర్తొస్తే ఇష్టం ఉండదు. పట్టుబడ్డ మనిషి చూపు కాదు అది. మంచు మీద నిలబడి కాళ్ల కింద చప్పుడు విన్న మనిషి చూపు.

ముందు ఇల్పోకి చేసింది. అతను స్కీ దారి మీద ఉన్నాడు, ఆయాసపడుతున్నాడు. ఇర్య పెట్టె నంబరు చెప్పింది, జరిగింది చెప్పింది.

"కాగితం మీద చలిగూడు అయిందనే ఉంటుంది కదా?" అన్నాడు ఇల్పో.

"ఉంటుంది. నేనే రాశాను."

"మరైతే సోమవారం చూద్దాం ఇర్యా. నీ పెట్టె ఎప్పుడూ తిరిగి రాలేదు. అనవసరంగా భయపడుతున్నావు. రక్షణ కేంద్రానికి మాత్రం ఏమీ చెప్పకు. అది రికార్డవుతుంది. నీ పేరొక్కటే కాదు, ఫ్యాక్టరీ పేరు..."

"సోమవారానికి తౌనో ఎక్కడుంటాడు ఇల్పో?"

ఇర్య ఫోన్ కట్టేసి రెండు చేతులతో దాన్ని నొక్కి పట్టుకుంది. గోడ మీద గడియారం రెండుంపావు. మిల్లు పొగ ఇంకా వంగింది, ఇప్పుడు అది పొగలా లేదు, లాగి కట్టిన తాడులా ఉంది. తొందరపెట్టాలని నాకు ఉంది. కాని ఇది నేను చెప్పాల్సిన మాట కాదు.

ఆమె మళ్లీ కేంద్రానికి చేసింది. అదే అమ్మాయి.

"నా పేరు ఇర్య హాపసారి. హర్మాసారి టవర్ పడమటి ముఖంలో ఫిల్టర్ నేను చేశాను. చలి పరీక్ష చెయ్యకుండానే చేసినట్టు సంతకం పెట్టాను. అది చెవిటిదై ఉండొచ్చు. ఆ వైపు నుంచి ఎవరు పిలిచినా మీకు వినపడదు. పిలుపు రాలేదు కాబట్టి బాగానే ఉన్నాడనుకోకండి. ఆ పచ్చ దీపాన్ని నమ్మకండి."

అవతల కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"ఇర్యగారూ, ఈ మాటలు రికార్డవుతున్నాయి. తెలుసు కదా?"

"తెలుసు."

"ఇంకోసారి చెప్పండి. నెమ్మదిగా."

ఇర్య ఇంకోసారి చెప్పింది. నేను బల్ల కిందనుంచి ఆమె చెయ్యి పట్టుకున్నాను, ఎంత చల్లగా ఉందో!

"దీవి నుంచి హోవర్‌క్రాఫ్ట్ పంపుతున్నాను. హెలికాప్టర్ అక్కడ పని తెమలగానే ఇటు తిప్పుతాను. ఫోన్ ఖాళీగా ఉంచండి," అని పెట్టేసింది.

తర్వాత మేమిద్దరం చేసింది ఏమీ లేదు. ఏమీ చెయ్యకపోవడం అంత కష్టమని నాకు తెలియదు. ఇర్య కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. నేను ఆమెకి ఎదురుగా కూర్చున్నాను కాబట్టి ఆకాశం నాకే కనపడుతోంది. పసుపు, తర్వాత రాగి రంగు, అంచున బూడిద. వెలుగు తగ్గుతున్న కొద్దీ నా మొహంలో అది కనపడకుండా ఉండాలని ఏదేదో మాట్లాడాను. మెట్లు సరిగ్గా తుడవని పనివాడి గురించి, మూడో అంతస్తు కుక్క గురించి. ఇర్య ఒక్కసారే నోరు విప్పింది.

"బ్యాటరీ అయిపోయి ఉంటే బావుండు పిన్నీ. ఫోన్ పనిచేస్తుంటే అక్కడే నిలబడిపోతాడు. పిలిచాను కదా, వస్తారులే అని."

మూడున్నరకి ఫోన్ మోగింది. ఇద్దరం ఎగిరిపడ్డాం. ఇల్పో.

"టవర్ కంపెనీ కాపలా గదికి చేశాను," అన్నాడు. ఆయాసం లేదిప్పుడు, గొంతు మాత్రం బొంగురుపోయింది. "పడమటి చెవి ఎలా ఉందో చూడమన్నాను. హోరు ఇర్యా. వట్టి హోరు. పొద్దున ఏడున్నర నుంచి. వాళ్లు ఆ గీత చూడరు, పచ్చ దీపమే చూస్తారు." ముక్కు చీది, "ఎర్ర చుక్క అయితే పంపెయ్యమని మొదట అన్నది నేనే," అన్నాడు.

ఇర్య "ఊఁ" అంది. ఫోన్ ఖాళీగా ఉంచాలని పెట్టేసింది.

తౌనో నాలుగు నలభైకి దొరికాడు. ఒడ్డున మిగిలిన మంచుకి నాలుగు కిలోమీటర్ల అవతల, మా భవనం అంత ఉన్న గడ్డ మీద. హెలికాప్టర్ దీపంలో పాకుతూ కనపడ్డాడట. నడవడానికి పాదాలు మాట వినలేదు. మంచుబండి ఎప్పుడో పగులులోకి జారిపోయింది. ఎడమ కాలి రెండు వేళ్లు తీసేశారు, కుడి చేతి చిటికెనవేలు సగం.

మర్నాడు ఆసుపత్రికి నేనూ వెళ్లాను. ఎవరూ రమ్మనలేదు, వెళ్లాను. తౌనో దిండ్ల మీద కూర్చుని ఉన్నాడు. పెదాలు చిట్లి నల్లగా ఉన్నాయి. ఆ రోజు అతను తన వారం మాటలన్నీ ఒకేసారి మాట్లాడాడు.

"తొమ్మిదింటికి పగులు చూశాను. ఒక్క అంగ. బండి వదిలేసి గెంతితే ఇవతల ఉండేవాణ్ణి. ఫోన్ చూశాను. గీతలు ఐదుకి ఐదు. ఎందుకు గెంతడం, పిలుస్తాను, వస్తారు, బండి కూడా దక్కుతుంది అనుకున్నాను. పంతొమ్మిదిసార్లు చేశాను. ప్రతిసారీ గీతలు ఐదు. మోగను కూడా మోగలేదు. నా చెవులే పోయాయనుకున్నాను."

ఇర్య మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉంది. కూర్చోలేదు.

"ఆ పెట్టె నాది, తౌనో. చలి పరీక్ష చెయ్యలేదు. చేశానని రాశాను."

ఇక్కడ నేను బయటికి వెళ్లాల్సింది. వెళ్లలేదు. తౌనో కట్లు కట్టిన తన చేతిని చాలాసేపు చూసుకున్నాడు. బయట నడవాలో ఎవరో భోజనాల బండి తోసుకుపోతున్నారు. అది వెళ్లిపోయేదాకా ఆగి అడిగాడు.

"అదొక్కటేనా?"

ఇర్య తల అడ్డంగా ఊపింది.

"అయితే మిగతావి దింపించు," అన్నాడు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. కోపంతోనో, అలిసిపోయో నాకు తెలియదు. ఆ తర్వాత మూడు వారాలు అతను ఆమెతో మాట్లాడలేదు. అతని విషయంలో అలాంటివి లెక్కపెట్టడం కష్టం కాని, నాకు కింది నుంచి కాఫీ అన్న మాట కూడా వినపడలేదు.

సోమవారం టవర్ ఎక్కి ఆ పెట్టె దింపారు. మూడో స్క్రూ నట్టు వదులుగా ఉంది. ఎంత వదులు అని అడిగాను. ఇర్య నా తలలోంచి ఒక తెల్ల వెంట్రుక తీసి చూపించి, "ఇందులో మూడో వంతు," అంది. పైన ఎర్ర చుక్క మాత్రం చెక్కుచెదరలేదు.

ఆమె దగ్గర పాత నోటుపుస్తకాలు ఉన్నాయి. చేసిన ప్రతి పెట్టె నంబరూ, చలిగూడులో పెట్టిందీ లేనిదీ రాసుకునేది. రెండు రోజులు మా బల్ల మీద పరుచుకుని వెతికింది. చలిగూడు చూడకుండా వెళ్లినవి ఇంకా పదకొండు తేలాయి. ఆ జాబితా పట్టుకుని ఫ్యాక్టరీ పెద్ద దగ్గరికి వెళ్లింది. ఇల్పో కూడా పక్కన నిలబడ్డాడట, ముక్కు తుడుచుకుంటూ.

"వాటి మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు కదా ఇర్యా," అన్నాడట పెద్ద.

"తౌనో పంతొమ్మిదిసార్లు చేశాడు. మీకు వినపడలేదు," అందట.

అలా అన్నానని ఆమె నాకు గొప్పగా చెప్పలేదు. సిగ్గుపడుతూ చెప్పింది, అంత గట్టిగా మాట్లాడినందుకు. ఆ రోజు నుంచి ఆమెని తిప్పే బల్ల దగ్గర్నుంచి తీసేశారు. ఇప్పుడు వెనక గదిలో డబ్బాలకి ఫోమ్ అట్టలు కత్తిరిస్తుంది. ఇల్పోకి హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు. సాయంత్రం ఆమె తలుపు మూసే చప్పుడు నాకిప్పుడు ఏమీ చెప్పదు. రోజూ ఒకేలా ఉంటుంది.

పదకొండులో తొమ్మిది దింపారు. ఏడు బాగానే ఉన్నాయి. రెండింటిని చలిగూడులో పెడితే స్క్రూ జరిగింది, అదృష్టం కొద్దీ టవర్ మీద వాటికి అంత చలి ఇంకా తగల్లేదు. పదోది నార్వేలో ఒక కొండ నెత్తిన ఉంది. మంచు కరిగితే గాని అక్కడికి ఎవరూ ఎక్కలేరు, అంటే జూన్. ఆ కొండ కింది ఊళ్లో ఒక కొట్టు ముసలాయన నంబరు ఇర్య ఎలాగో సంపాదించింది. రోజూ పొద్దున ఆయన తన కొట్టు మెట్ల మీదకి వచ్చి, టవర్ వైపు తిరిగి ఆమెకి ఫోన్ చేస్తాడు. వచ్చీరాని ఫిన్నిష్‌లో "బతికే ఉన్నాం" అంటాడు. ఆమెకి పిచ్చి అనుకుంటున్నాడని నా అనుమానం, అయినా చేస్తాడు. నిన్న అక్కడ మైనస్ ముప్పై ఒకటి. ఫోన్ ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. ఇర్య ఆ ఇరవై నిమిషాలూ నా వంటింట్లో నిలబడే ఉంది, కుర్చీ జరిపినా కూర్చోలేదు. తీరా చేశాక ఆయన, మెట్ల మీద మంచు తోడుతున్నానన్నాడు.

పదకొండోది ఎక్కడుందో తెలియదు. కొన్న కంపెనీ మూతపడింది, కాగితాలు లేవు. ఏదో టవర్ మీద, ఏదో వైపు తిరిగి, ఎర్ర చుక్కలతో ఉంది. రోజూ సాయంత్రం కింది నుంచి రేడియోలో వాతావరణ వార్తలు వినపడతాయి. వరసగా ఊళ్లూ డిగ్రీలూ చదువుతారు. ఇర్య అన్నీ వింటుంది, దక్షిణాన ఊళ్లతో సహా. నేనూ పైన నా చేతిపని ఆపి వింటున్నాను ఈ మధ్య. ఏ ఊళ్లో చలి ఎక్కువంటే ఆ ఊళ్లో అది ఉందేమో అనిపిస్తుంది. మెట్ల మీదకి వచ్చి ఫోన్ చెయ్యమని అడగడానికి అక్కడ మాకు ఎవరూ తెలియదు.